ఎంగిలి విస్తరి: కెర్నెల్ డేటా లీకేజీని అరికట్టే సాధన

ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా లోపల ఉండి, మెమరీ, ప్రాసెసర్, డిస్కు, నెట్‌వర్క్ కార్డు వంటి వనరులన్నిటినీ తన అధీనంలో ఉంచుకునే భాగాన్ని కెర్నెల్ అంటారు. సాధారణ ప్రోగ్రామ్‌కు యంత్రాన్ని నేరుగా ముట్టుకునే అధికారం లేదు కనుక, ఫైలు తెరవాలన్నా, పరికరం నుంచి ఒక అంకె చదవాలన్నా అది సిస్టమ్ కాల్ అనే నిర్ణీత ద్వారం దగ్గరకు వచ్చి అడగాలి, కెర్నెల్ ఆ పని చేసి జవాబును ప్రోగ్రామ్ మెమరీలోకి నకలు తీసి ఇవ్వాలి. ఆ జవాబు వెంట అడిగినవారికి చెందని సమాచారం ఒక్క బైటు, అంటే ఒక ఆంగ్ల అక్షరం పట్టేంత, బయటికి వచ్చినా దాన్ని కెర్నెల్ డేటా లీకేజీ అంటారు. దొంగ తాళం పగలగొట్టి ఎత్తుకుపోయిన సొమ్ముకూ, ఇంటివారే పొరపాటున బయటివారి సంచిలో పెట్టి పంపిన సొమ్ముకూ ఎంత తేడా ఉందో, మిగిలిన భద్రతా లోపాలకూ ఈ లోపానికీ అంత తేడా ఉంది. దొంగను ఆపడానికి గోడలు కావాలి. తన చేత్తో తాను ఇచ్చేదాన్ని అదుపు చేసుకోవడానికి, ఇచ్చే ముందు చేతిలో ఏముందో చూసుకునే అలవాటు కావాలి. అలవాటు సాధనతో వచ్చేది కాబట్టే ఈ విషయానికి ఈ పుస్తకంలో ఒక అధ్యాయం దక్కింది.

2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అనే పేరుతో ఉన్న శ్రీవిజయపురంలోని సెల్యులార్ జైలును చూసినవారికి కెర్నెల్ చేసే విభజన తేలిగ్గా అర్థమవుతుంది. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడంలో నడిమి బురుజు చుట్టూ మూడంతస్తుల బారులు ఏడు ఉండేవి. ఒక బారులోని గదుల ముఖాలు పక్క బారు వీపు వైపుకు తిరిగి ఉండేలా కట్టినందువల్ల ఏ ఖైదీకీ మరో బారులోని ఖైదీ ముఖం కనిపించేది కాదు. కెర్నెల్ కూడా ప్రతి ప్రోగ్రామ్‌కు విడిగా ఒక చిరునామా పరిధిని కేటాయించి, ఒకరి మెమరీ మరొకరికి కనిపించకుండా అడ్డుగోడలు పెట్టి, నడిమి బురుజులో తాను కూర్చుంటుంది. ఆ జైలు గోడలు ఆంధ్రదేశం నుంచి వెళ్లినవారితో సహా స్వాతంత్ర్య యోధులను ఒంటరితనంతో కుంగదీయడానికి కట్టినవి, కెర్నెల్ గోడలు లోపల ఉన్నవారిని కాపాడడానికి కట్టినవి. కనుక ఉద్దేశం విషయంలో ఈ పోలికను సాగదీయడం ఆ యోధులకు అన్యాయం చేయడమే అవుతుంది. కట్టడం విషయంలో మాత్రం ఇంకో మెట్టు దిగవచ్చు. గది ఖాళీ చేసి వెళ్లిన ఖైదీ గోడ మీద మేకుతో గీసిన రాతను, దానిపై సున్నం వేయకపోతే, తర్వాత ఆ గదిలోకి వచ్చినవాడు చదువుకోగలడు. వారిద్దరి మధ్య ఉన్నది కాలమే కాబట్టి గోడ ఎంత మందంగా కట్టినా ఆ రాతను ఆపలేదు. కెర్నెల్ లీకేజీల్లో పెద్ద భాగం ఈ రకానికి చెందినవే.

ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో ఇటువంటి లోపాల బరువు పెద్ద నగరాల్లో కన్నా ఎక్కువన్న సంగతి తరచుగా మరుగున పడుతుంది. హైదరాబాదులో ఒక మనిషి వయసు, రక్తవర్గం అనే రెండు ముక్కలు బయటపడితే ఆ మనిషి వేలమందిలో కలిసిపోతాడు. 2011 జనాభా లెక్కల నాటికి దాదాపు వందమంది మాత్రమే ఉన్న లిటిల్ అండమాన్ ఓంగేల విషయంలో అవే రెండు ముక్కలు ఒక వ్యక్తిని వేలెత్తి చూపించగలవు. లీకైనవి కొన్ని బైట్లే కదా అని తీసిపారేయలేము: పదహారు బైట్ల చోటులో ఒక పొట్టి పేరు, వయసు, రక్తవర్గం మూడూ పడతాయి. 2011 లెక్కల్లోనే ఈ దీవుల జనాభాలో దాదాపు 13 శాతం మంది తెలుగు మాతృభాషగా ఉన్నవారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడిన మత్స్యకార కుటుంబాల పిల్లలు ఇప్పుడు కంప్యూటర్ చదువుల్లోకి వస్తున్నారు. కెర్నెల్ మీద పని చేయడం బెంగళూరులోనో సియాటిల్‌లోనో ఉన్న పెద్ద సంస్థల సొత్తు అన్న భయం వారిలో ఉంటే, అది నిరాధారమైనదని ఈ అధ్యాయం ముగిసేలోపు తేలుతుంది.

లోపం ఎలా పుడుతుందో చెప్పడానికి తెలుగు ఇళ్లలో వాడే ఎంగిలి అన్న మాట కన్నా సరైన మాట దొరకదు. కెర్నెల్‌లోని ఒక భాగానికి కొంత మెమరీ కావలసి వచ్చినప్పుడు అది కెమాలాక్ అనే ఫంక్షన్‌ను అడుగుతుంది. ఆ ఫంక్షన్ ఇచ్చే ముక్క అంతకుముందు ఎవరో వాడి వదిలినది, అందులో వారి సమాచారం అలాగే ఉంటుంది. అంటే వచ్చినది ఎంగిలి విస్తరి. వేగం కోసం కావాలనే ఇలా చేశారు. తీసుకున్నవారు ఎలాగూ కొత్త విలువలతో నింపేస్తారన్న నమ్మకం మీద ఈ ఏర్పాటు నడుస్తుంది. స్టాక్ అనే మరో రకం మెమరీలోనూ ఇంతే: ఒక ఫంక్షన్ పని ముగించి వెళ్లిన చోటునే తర్వాతి ఫంక్షన్ తన చరరాశులకు వాడుకుంటుంది. విస్తరి నిండా కొత్తగా వడ్డిస్తే ఏ ప్రమాదమూ లేదు. సగం వడ్డించి విస్తరి మొత్తాన్ని అతిథి ముందు పెట్టినప్పుడు, మిగతా సగంలో ఉన్న పాత ఎంగిలి కూడా అతిథికి చేరుతుంది.

ఈ సగం వడ్డన కంటికి కనబడకుండా జరిగే తీరును ఒక ఉదాహరణతో దగ్గరగా చూడవలసి ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, 2007 అక్టోబరు నుంచి సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రాన్ని నడుపుతోంది; ఆ పనికి ఈ దీవుల తీరాల్లో సముద్రమట్టాన్ని కొలిచే టైడ్ గేజ్ పరికరాలు ఎంతో అవసరం. అలాంటి పరికరాన్ని లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే ఒక యంత్రానికి తగిలించి, దానికొక డ్రైవర్ రాసినట్లు ఊహించుకోవచ్చు. డ్రైవర్ అంటే ఒక నిర్దిష్ట పరికరంతో మాట్లాడే కెర్నెల్ భాగం. ఆ డ్రైవర్ ఇచ్చే జవాబులో మూడు గడులు ఉన్నాయి: పరికరం స్థితి 1 బైటు, నీటి మట్టం 4 బైట్లు, సమయం 8 బైట్లు. కూడితే 13. సి భాషలో ఈ మూడింటినీ ఒక స్ట్రక్చర్‌గా రాసి దాని పరిమాణం అడిగితే మాత్రం 64 బిట్ యంత్రం 16 అని చెబుతుంది, ఎందుకంటే నాలుగు బైట్ల అంకె నాలుగుతో భాగించబడే చిరునామాలో మొదలైతే ప్రాసెసర్‌కు చదవడం సులువు కనుక, కోడ్‌ను యంత్ర కోడ్‌గా మార్చే కంపైలర్ మొదటి బైటు తర్వాత మూడు ఖాళీ బైట్లు వదిలి, రెండో గడిని, సున్నా నుంచి లెక్కిస్తే, నాలుగో స్థానంలో మొదలుపెడుతుంది. ఈ ఖాళీని ప్యాడింగ్ అంటారు. డ్రైవర్ రాసినవారు మూడు గడులనూ శ్రద్ధగా నింపారు, ఒక్కటీ మరవలేదు. చివరికి కాపీ టు యూజర్ అనే ఫంక్షన్‌తో 16 బైట్లనూ ప్రోగ్రామ్‌కు అందించారు. పదమూడు బైట్లు సముద్రానివి, మూడు బైట్లు అంతకుముందు ఆ చోటులో ఎవరున్నారో వారివి.

రాసినవారి తప్పు ఎక్కడ అని వెతికితే పేరున్న గడి ఒక్కటీ ఖాళీగా దొరకదు. తప్పు పేరు లేని చోట ఉంది, కనుకనే అనుభవజ్ఞులు కూడా ఇందులో పడతారు. పైగా ఈ లోపం వల్ల యంత్రం ఆగిపోదు, తెర నీలం రంగుకు మారదు, నీటి మట్టం తప్పుగా రాదు; వాడేవారు ఒక్కరూ ఫిర్యాదు చేయరు. నొప్పి పుట్టించని జబ్బును ముదిరే వరకు ఎవరూ గుర్తించనట్లే ఈ లోపాలు ఏళ్ల తరబడి కోడ్‌లో ఉండిపోతాయి. సాధకుడు అనుమానించవలసినది తన తెలివిని కాదు, పేరున్నవాటినే చూసే తన చూపును.

ఎంగిలి మిగిలే దారులు ఇంకా ఉన్నాయి. పరికరం పేరు కోసం 16 బైట్ల గడి కేటాయించి అందులో ఈథ్0 అనే ఆంగ్ల పదాన్ని నకలు చేస్తే నాలుగు అక్షరాలకు నాలుగు బైట్లు, పదం ముగిసిందని చెప్పే సున్నాకు ఒకటి, మొత్తం ఐదే నిండుతాయి. తెరపై అచ్చు వేసినప్పుడు ఆ సున్నా దగ్గరే ఆగిపోవడం వల్ల మిగిలిన పదకొండు బైట్లు కనబడవు గాని, నకలులో అవి కూడా వెళ్లిపోతాయి. స్ట్రింగ్‌లను నకలు చేసే పాత ఫంక్షన్ ఎస్‌టీఆర్‌ఎన్‌కాపీ మిగిలిన చోటును సున్నాలతో నింపేది, దాని స్థానంలో వచ్చిన ఎస్‌టీఆర్‌ఎస్‌కాపీ నింపదు. పాతదాన్ని కొత్తదానితో యాంత్రికంగా మార్చుకుంటూ పోయినవారు కొత్త లీకులను సృష్టించే ప్రమాదం ఉన్నందునే ప్యాడ్ అనే తోకతో మూడో ఫంక్షన్‌ను కూడా ఇచ్చారు. ప్రోగ్రామ్ వంద బైట్లు అడిగినప్పుడు పరికరం నలభై మాత్రమే ఇచ్చినా, అడిగిన వందా అందించడం మరో దారి. పని మధ్యలో విఫలమై, లోపం సంఖ్య ఒక్కటే నింపి మిగిలిన గడులను అలాగే వదిలి పంపడం ఇంకో దారి. సాధకుడు దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే సవ్యంగా సాగే దారిని అందరూ పరీక్షిస్తారు, విఫలమయ్యే దారిలో నడిచి చూసేవారు తక్కువ.

ఈ చివరి దారికి అక్షరాలా సరిపోయే సంఘటన 2020 అక్టోబరులో బయటపడింది. గూగుల్‌కు చెందిన భద్రతా పరిశోధకుడు ఆండీ న్గుయెన్ లినక్స్ బ్లూటూత్ భాగంలో కనిపెట్టిన ఆ లోపానికి బ్యాడ్‌చాయిస్ అని పేరు పెట్టారు. లోపాల జాబితాలో దాని సంఖ్య సీవీఈ-2020-12352. బ్లూటూత్‌లోని ఒక నియంత్రికను గురించి అడిగిన ప్రశ్నకు కెర్నెల్ 18 బైట్ల జవాబు ఇవ్వాలి. అడిగిన నియంత్రిక లేనప్పుడు దాని గుర్తింపు సంఖ్య ఒక బైటు, స్థితి ఒక బైటు మాత్రం నింపి, 18 బైట్లనూ పంపించేది. స్టాక్‌లోని పదహారు బైట్ల పాత సరుకు గాలిలో అవతలివారికి చేరేది. అవతలివారు ఆ యంత్రంలో ఖాతా ఉన్నవారు కానక్కరలేదు, సంకేత పదం తెలిసినవారు కానక్కరలేదు, బ్లూటూత్ అందే దూరంలో ఉంటే చాలు. దిద్దుబాటులో ముఖ్యమైనది జవాబును నింపే ముందు దాని చోటునంతా సున్నా చేయడమే.

దీనికన్నా పాతదీ, బోధనకు మరింత పనికొచ్చేదీ 2003 జనవరిలో ఆఫిర్ ఆర్కిన్, జాష్ ఆండర్సన్ ప్రకటించిన ఈథర్‌లీక్. ఈథర్‌నెట్ తీగ మీద పంపే ప్రతి మూటలో కనీసం 46 బైట్ల సరుకు ఉండాలన్నది నియమం. అంతకన్నా తక్కువైతే మిగతా చోటును సున్నాలతో నింపాలని 1984 నాటి ఆర్‌ఎఫ్‌సీ 894 అనే ప్రమాణ పత్రంలోనే రాశారు. అవతలి యంత్రం బతికి ఉందో లేదో తెలుసుకునే పింగ్ సందేశంలో ఒకే ఒక్క బైటు పెట్టి పంపితే, దాని జవాబుకు ఐపీ శీర్షిక 20, ఐసీఎంపీ శీర్షిక 8, సరుకు 1, మొత్తం 29 బైట్లు అవుతాయి. మిగిలిన 17 బైట్లను ఎన్నో డ్రైవర్లు సున్నాలతో నింపకుండా, బఫర్‌లో అంతకుముందు ఉన్నదాన్ని అలాగే పంపించాయి. ఒకే నెట్‌వర్క్ తీగ మీద ఉన్న యంత్రం నుంచి పదే పదే పింగ్ చేస్తూ కూర్చుంటే చాలు, విడతకు పదిహేడేసి బైట్ల చొప్పున పరాయి సమాచారం వచ్చి పడేది. నియమం రాసి పెట్టి 19 ఏళ్లయినా, వేరు వేరు మనుషులు వేరు వేరు డ్రైవర్లలో ఒకే తప్పు చేశారు. ఒకరి అజాగ్రత్త అని తోసిపుచ్చడానికి వీల్లేని ఇటువంటి తప్పును ఒక్కొక్కరినీ మందలించడం ద్వారా సరిచేయలేరు. అందరూ వాడే ఒకే చోట సున్నాలు నింపే సాధనం ఉండాలి. లినక్స్‌లో ఎస్‌కేబీ ప్యాడ్‌టూ అనే ఫంక్షన్ ఆ పనికి వచ్చింది.

బయటికి వెళ్లేది పేరో, సంకేత పదమో కాకుండా ఒక కెర్నెల్ చిరునామా అయితే నష్టం మరో రూపంలో వస్తుంది. దాడి చేసేవారికి కెర్నెల్ మెమరీలో ఎక్కడుందో తెలియకూడదని, యంత్రం మొదలైన ప్రతిసారీ దాన్ని వేరే చోట కూర్చోబెట్టే పద్ధతి ఉంది. లినక్స్‌లో ఇది 2014లో వచ్చింది. 64 బిట్ ఇంటెల్ తరహా యంత్రాల్లో దానికి ఉన్న స్థానాలు దాదాపు 512. అండమాన్ నికోబార్ దీవుల సంఖ్యను పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా 572 అని చెబుతూ వచ్చాయి. వాటిలో ఏ దీవిలో ఉన్నాడో తెలియని మనిషిని వెతకడానికి పడవలు చాలవు గాని, అతను రాసిన ఉత్తరం మీది తపాలా ముద్ర ఒక్కటి కంటబడితే వెతుకులాట అక్కడితో ముగుస్తుంది. స్ట్రక్చర్ ఖాళీల్లోంచి జారిపడిన ఒక్క చిరునామా ఆ తపాలా ముద్ర వంటిది. ఈ కారణం చేతనే 2018 జనవరిలో వచ్చిన లినక్స్ 4.15 నుంచి కెర్నెల్ సందేశాల్లో చిరునామాలను సాధారణ పద్ధతిలో అచ్చు వేస్తే అసలు అంకెకు బదులు గుర్తుపట్టలేని మరో అంకె వస్తుంది. అదే నెలలో బయటపడిన మెల్ట్‌డౌన్ లోపం ప్రాసెసర్ నిర్మాణానికి సంబంధించినది. దాని కోసం కెర్నెల్ పేజీ పట్టికలనే విడదీయవలసి వచ్చింది, ఆ చర్చ ఈ అధ్యాయం పరిధిలోకి రాదు.

కనిపెట్టే నేర్పు చదివే దిశను మార్చుకోవడంతో మొదలవుతుంది. కోడ్‌ను మొదటి వరుస నుంచి కిందికి చదివేవారు రాసినవారి ఆలోచన వెంట నడుస్తారు, రాసినవారు చూడనిదాన్ని వారూ చూడరు. అందుకు బదులుగా కాపీ టు యూజర్ పిలుపు దగ్గర నిలబడి వెనక్కి చదవాలి: ఎన్ని బైట్లు వెళుతున్నాయి, అవి ఏ చోటు నుంచి వచ్చాయి, ఆ చోటు పుట్టినప్పుడు శుభ్రంగా ఉందా, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చే ప్రతి దారిలోనూ ప్రతి బైటూ నిండిందా అని. రోజుకు ఒక గంట, ఒక్క డ్రైవర్, అందులో బయటికి వెళ్లే ద్వారాలు మాత్రం. మొదటి నెలలో ఏమీ దొరకకపోవచ్చు, ఆ నెల వ్యర్థం కాదు, ఎందుకంటే సవ్యంగా రాసిన వడ్డన ఎలా ఉంటుందో కంటికి అలవాటు పడేది అప్పుడే. పాహోల్ అనే ఉపకరణం స్ట్రక్చర్ లోపలి ఖాళీలను లెక్కకట్టి చూపిస్తుంది; టైడ్ గేజ్ ఉదాహరణను దానికి ఇస్తే మొదటి గడి తర్వాత మూడు బైట్ల రంధ్రం ఉందని ఒక వరుసలో రాసి పెడుతుంది. ఇది మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది, ఇంటర్నెట్ అవసరం లేదు.

అనుమానం నిజమని రుజువు చేయడానికి ఒక చక్కని పద్ధతి ఉంది. యంత్రాన్ని స్లబ్ డీబగ్ అనే ఎంపికతో, విషం నింపమన్న పీ అక్షరం జతచేసి మొదలుపెడితే, కెమాలాక్ ఇచ్చే ప్రతి ముక్కనూ కెర్నెల్ ముందుగా పదహారాంశ పద్ధతిలో 6బి అనే విలువతో నింపుతుంది. ఆ విలువకు ఆంగ్లంలోని చిన్న కె అక్షరం సమానం. తర్వాత చిన్న పరీక్షా ప్రోగ్రామ్ ఒకటి రాసి, టైడ్ గేజ్ డ్రైవర్ నుంచి 16 బైట్లు తెప్పించుకుని ఒక్కొక్క బైటునూ వరుసగా అచ్చు వేయాలి. మొదటి బైటులో స్థితి కనబడుతుంది, ఆ వెంటనే 6బి, 6బి, 6బి అని మూడు కనబడతాయి, ఆ తర్వాత నీటి మట్టం మొదలవుతుంది. ఎవరి రహస్యమూ చూడకుండానే లీకు ఎన్ని బైట్లదో, ఏ స్థానంలో ఉందో తేలిపోయింది. పెద్ద ఎత్తున వెతకడానికి 2022 డిసెంబరులో లినక్స్ 6.1తో వచ్చిన కేఎంశాన్ ఉంది. మెమరీలోని ప్రతి బిట్‌కూ అది నిండినదా నిండనిదా అన్న గుర్తును పక్కనే రాసుకుంటూ పోయి, నిండని బైటు కెర్నెల్ దాటే క్షణంలో పట్టుకుని, పదహారు బైట్లలో, సున్నా నుంచి లెక్కిస్తే, ఒకటి నుంచి మూడు వరకు విలువ లేనివని స్థానాలతో సహా చెబుతుంది. అంత గుర్తుపెట్టుకోవడానికి మెమరీ చాలా ఎక్కువ కావాలి, వేగం బాగా తగ్గుతుంది. రోజువారీ పని యంత్రంలో దాన్ని పెట్టకూడదు.

దిద్దుబాటు దగ్గర తొందరపాటు వల్ల జరిగే పొరపాట్లు కనిపెట్టడంలో కన్నా ఎక్కువ. పాహోల్ రంధ్రాన్ని చూపిస్తూ గడులను దగ్గరగా సర్దమని సలహా కూడా ఇస్తుంది. కెర్నెల్ లోపల మాత్రమే వాడే స్ట్రక్చర్‌కు ఆ సలహా మంచిదే గాని, ప్రోగ్రామ్‌లకు అందించే స్ట్రక్చర్‌లో గడుల వరుస మారితే ఇప్పటికే ఆ వరుసను నమ్ముకుని రాసిన ప్రోగ్రామ్‌లన్నీ తప్పు చోట చదువుతాయి, నీటి మట్టం బదులు మరేదో చూపిస్తాయి. కెర్నెల్ మార్పు వల్ల బయటి ప్రోగ్రామ్ చెడిపోకూడదన్నది లినక్స్ సమాజంలో రాజీ లేని నియమం. అందువల్ల పాత స్ట్రక్చర్‌లో చేయవలసినది, గడులు నింపడానికి ముందే మెమ్‌సెట్ అనే ఫంక్షన్‌తో 16 బైట్లనూ సున్నా చేయడం, లేదా కెమాలాక్ స్థానంలో కడిగి ఇచ్చే కెజాలాక్‌ను వాడడం. ఒకే అక్షరం తేడా ఉన్న ఈ రెండు పేర్ల మధ్య ఎన్నో లీకులు పుట్టాయి, ఎన్నో ముగిశాయి. స్టాక్ మీది స్ట్రక్చర్‌కు పుట్టినప్పుడే సున్నా విలువ రాయడం అందంగా కనిపిస్తుంది గాని, గడుల మధ్య ఖాళీలు కూడా సున్నా అవుతాయని సి భాష పాత ప్రమాణాలు హామీ ఇవ్వలేదు, కనుక బయటికి వెళ్లేదానికి మెమ్‌సెట్ మీదనే ఆధారపడడం మేలు. స్ట్రక్చర్‌ను కొత్తగా రూపొందించే అవకాశం వస్తే ఆ మూడు బైట్ల ఖాళీకి రిజర్వ్‌డ్ అని పేరు పెట్టి గడిగా రాయాలి. పేరు పెట్టిన తర్వాత దాన్ని నింపడం మరచిపోయే అవకాశం తగ్గుతుంది.

మెమ్‌సెట్‌కు ఒక మినహాయింపు ఉంది. తాళపు చెవి వంటి రహస్యాన్ని వాడడం ముగించి, ఆ చోటును తుడిచి వదిలిపెట్టదలిస్తే, తుడిచిన తర్వాత దాన్ని ఎవరూ చదవడం లేదు కాబట్టి ఆ తుడుపు అనవసరమని భావించి కంపైలర్ దాన్ని తీసివేయవచ్చు. మూల కోడ్‌లో వరుస కనబడుతూనే ఉంటుంది, తయారైన యంత్ర కోడ్‌లో ఉండదు. అటువంటి చోట కంపైలర్ తీసివేయలేని మెమ్‌జీరో ఎక్స్‌ప్లిసిట్ వాడాలి.

మనుషుల జాగ్రత్త మీదనే భారం వేయకుండా కెర్నెలే ప్రతి విస్తరినీ కడిగి ఇచ్చే ఏర్పాటు కూడా ఇప్పుడు ఉంది: 2019లో లినక్స్ 5.3తో వచ్చిన ఇనిట్ ఆన్ అలాక్ అనే ఎంపిక కెమాలాక్ ఇచ్చే మెమరీని సున్నా చేస్తుంది, కంపైలర్ల సాయంతో స్టాక్‌ను సున్నా చేసే ఎంపిక దానికి తోడుగా ఉంది. దీనివల్ల వేగంలో కొంత ఖర్చు తప్పదు. సముద్రమట్టం, ఆస్పత్రి చీటీలు, రేషన్ వివరాలు నడిచే యంత్రాల్లో ఆ ఖర్చు భరించదగినదే అని గట్టిగా చెప్పవచ్చు. వీటిని పెట్టుకున్నామన్న ధైర్యంతో కోడ్‌లోని లోపాన్ని దిద్దకుండా వదలడం మాత్రం సరికాదు, ఎందుకంటే అదే కోడ్ ఆ ఎంపికలు లేని మరో యంత్రంలో కూడా నడుస్తుంది.

దిద్దిన తర్వాత మొదటి పరీక్షనే మళ్లీ నడిపి, 6బి ఉన్న మూడు చోట్లా సున్నాలు వచ్చాయని చూసుకుని, అప్పుడు ప్యాచ్ రాయాలి. ప్యాచ్ అంటే మార్చిన వరుసలను, మార్పుకు కారణాన్ని చెప్పే సాదా పాఠం. కెర్నెల్ ప్యాచ్‌లు నేటికీ అలంకారాలు లేని ఈమెయిళ్లుగానే వెళతాయి. ఒక్క వరుస మెమ్‌సెట్ చేర్చే ప్యాచ్ కొన్ని వేల బైట్లు దాటదు కనుక, ఉపగ్రహ లంకె ఒక్కటే దిక్కుగా ఉన్న కాలంలో కూడా ఏ దీవి నుంచైనా అది వెళ్లగలిగేది. ఎవరికి పంపాలో గెట్ మెయింటైనర్ అనే స్క్రిప్టు చెబుతుంది, వరుసల తీరు సరిగా ఉందో లేదో చెక్‌ప్యాచ్ చూస్తుంది. లోపాన్ని తెచ్చిన పాత మార్పు ఏదో ఫిక్సెస్ అనే వరుసలో రాస్తే, పాత సంచికలను కాపాడేవారికి ఎంతవరకు వెనక్కి దిద్దాలో తెలుస్తుంది. వివరణలో ఎన్ని బైట్లు, ఏ దారిలో, ఎవరికి చేరుతున్నాయో రాయాలి. లోపాన్ని రాసిన మనిషి గురించి ఒక్క మాటా రాయకూడదు. ఎవరికీ తెలియని తీవ్రమైన లోపమైతే బహిరంగంగా పంపకుండా ముందు కెర్నెల్ భద్రతా బృందానికి విడిగా తెలపాలి. వారు సాధారణంగా ఏడు రోజులకు మించి దాచిపెట్టరు. జవాబుగా వచ్చే ప్రశ్నలు కొన్నిసార్లు కటువుగా ఉంటాయి, ప్యాచ్ రెండు మూడుసార్లు తిరిగి వస్తుంది. ప్రశ్న కోడ్ మీదదని గ్రహించి, అడిగిన ప్రతి మాటకూ కింద జవాబు రాసి, రెండో రూపం అని స్పష్టంగా పేర్కొంటూ మళ్లీ పంపేవారి ప్యాచ్‌లు చేరతాయి.

మూల కోడ్‌లో దిద్దుబాటు చేరినంత మాత్రాన ఈ దీవుల్లోని హట్ బేలోనో కమోర్టాలోనో ఉన్న యంత్రంలో లీకు ఆగదు. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్, 1,224 కోట్ల రూపాయల ఖర్చుతో దాదాపు 2,300 కిలోమీటర్లు సాగి, శ్రీవిజయపురంతో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లను కలిపింది. అంతకుముందు వందల మెగాబైట్ల కెర్నెల్ తాజాకరణను ఉపగ్రహం మీదుగా ఒక్కో యంత్రానికి విడివిడిగా దింపుకోవడం ఎంత భారమో అక్కడ పనిచేసినవారికి తెలుసు. కేబుల్ వచ్చినా ఒకే కార్యాలయంలోని ఇరవై యంత్రాలు ఒకే ప్యాకేజీని ఇరవైసార్లు తెప్పించుకోవడం అర్థం లేని పని. ఒక యంత్రంలో స్థానిక నకలు ఉంచి, మిగిలినవాటిని దాని నుంచి తీసుకునేలా అమర్చాలి, కేబుల్ చేరని దీవులకు అదే నకలును సంతకం సరిచూసి డిస్కులో పంపాలి.

మిగిలిన చిక్కు ఒకటే, అది అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది. కెర్నెల్ తాజాకరణ డిస్కులోకి చేరినా, యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టే వరకు మెమరీలో నడుస్తున్నది పాత కెర్నెలే. డీజిల్ విద్యుత్తు మీద నడిచే దీవుల్లో, ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనన్న భయంతో నెలల తరబడి ఆపని యంత్రాలు ఉంటాయి. ప్యాకేజీ జాబితాలో కొత్త సంఖ్య కనబడుతూ ఉంటుంది, నిర్వాహకుడు నిశ్చింతగా ఉంటాడు, పాత కెర్నెల్ మాత్రం అడిగినవారికల్లా మూడేసి బైట్లు అదనంగా ఇస్తూనే ఉంటుంది. జాబితాను పక్కనపెట్టి, యూనేమ్ ఆజ్ఞకు మైనస్ ఆర్ జతచేసి ఇప్పుడు నడుస్తున్నది ఏ సంచికో ప్రతి యంత్రాన్నీ అడగాలి, ఆ సంఖ్యను తేదీతో సహా పుస్తకంలో రాయాలి, పాతది నడుస్తున్న యంత్రం పక్కన దాన్ని ఆపి మొదలుపెట్టే రోజూ వేళా ముందే నిర్ణయించి రాసి, ఆ వేళకు జనరేటర్ దగ్గర ఒక మనిషిని ఉంచాలి.